గడ్డి పరిచి తెచ్చిన అక్షరాలు

ఆ రోజుల్లో ఏ వస్తువైనా మా కోయిలకుంట్లకు నిండుగా చేరిందంటే మా ఇంట్లో అదొక వార్త. మాది గాజుల అంగడి మరి. ఉత్తరాది నుంచి గాజుల పెట్టెలు రైల్లో డోన్‌కు వచ్చేవి, డోన్ నుంచి లారీలో మా వీధికి వచ్చేవి, వీధిలోంచి మా నాయన చెవి దగ్గరికి వచ్చేవి. చెవి దగ్గరికని ఎందుకంటున్నానంటే, నాయన పెట్టె మూత తీయకముందే దాన్ని రెండు చేతులా ఎత్తి, చెవి పక్కన పెట్టుకుని, ఒక్కసారి మెల్లగా కదిపి, లోపల ఎంత నష్టమైందో చెప్పేసేవాడు. నిండు గాజు ఒక రకంగా మోగుతుంది, దెబ్బ తిన్నది ఇంకో రకంగా మోగుతుంది. ఇందులో నాయన లెక్క తప్పడం నేను చూడలేదు. అందుకే మా ఇంట్లో ఏది చెడిపోయినా తప్పు దారిదే. పాలు విరిగితే పాలవాడు గతుకుల్లో తెచ్చాడు. గడియారం ఆగితే దాన్ని నంద్యాల నుంచి బస్సు వెనక సీట్లో తెచ్చారు. మా చిన్నత్త మొగుడికి తిక్క ఉండేది, దానికి కూడా పెళ్ళికి ఆయన ట్రాక్టర్‌లో రావడమే కారణమని మా జేజి (నాయన వాళ్ళమ్మ) నమ్మకం.

ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. అప్పట్నుంచి అంగడి వెనక గదిలో కూర్చుని గాజుల్ని డజన్లుగా దారంతో కట్టడం, పల్లెలకు తిరిగి అమ్మేవాళ్ళ కోసం పెట్టెల్లో గడ్డి పరిచి సర్దడం నా పని. గొప్ప కోసం చెప్పడం లేదు గానీ, నేను సర్దిన పెట్టెను మిద్దె మీంచి కింద పడేసినా ఒక్క గాజుకు గీత పడేది కాదు. (ఒకసారి నిజంగానే పడేశాను. కావాలని కాదు, పిల్లి తగిలింది.) అయితే ఆ వెనక గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకు ఆనుకుని ఉండేది. ముందు అంగట్లో ఎవరు వచ్చారు, ఎవరు ఎవరితో జగడమాడారు, ఏ చీర మీదికి ఏ రంగు గాజులు ఏరుకున్నారు, అన్నీ నాకు చప్పుళ్ళుగానే తెలిసేవి. ఒక్కసారి ముందు గల్లా పక్కన కూర్చుని వీధిని చూడాలని నాకు ఎంత ఆశగా ఉండేదో ఇప్పుడు చెబితే నవ్వుతారు. నాయన మాత్రం, "వయసు పిల్ల ముందర కూర్చుంటే బాగుండదు, లోపల చల్లగా ఉండాది కదా" అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది, నాకప్పుడు పదహారేళ్ళు. కడపలో మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఒక సెంటర్లో కంప్యూటర్ మీద తెలుగులో అర్జీలు టైపు కొట్టేవాడు. ఒక రాళ్ళ వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్లు మార్చేస్తున్నారని, మంచి సరుకు చవగ్గా వస్తుందని చెప్పి, పాతది ఒకటి, అచ్చు వేసే మిషినుతో సహా మాకు తెచ్చి పడేశాడు. నాయనకు నంద్యాలలో ఒక అంగడిలో చూసిన ముచ్చట ఒకటి మనసులో నాటుకుని ఉంది. అక్కడ ప్రతి పెట్టె మీదా సరుకు పేరు అచ్చు వేసి అంటించి ఉందట. మన గాజుల పెట్టెల మీద కూడా తెలుగులో పేర్లు అచ్చు వేయాలి, అంతే ఆయన కోరిక. కానీ మా వ్యాపారంలో నచ్చితే ఉంచుకునే పద్ధతి ఒకటుంది. నాయన దాన్నే మామ ముందు పెట్టాడు.

"ఉగాది దాకా పెట్టుకుంటానప్పా. తెలుగు రాసిందా, ఈడ్నే ఉంటాది. రాయలేదా, ఎట్ల వచ్చిందో అట్లే పోతాది."

"రాయకుండా యాడికి పోతాది బావా, నేను లేనా" అన్నాడు మామ.

కరెంటు ప్లగ్గు గల్లా పక్కనే ఉండడంతో దాన్ని అక్కడే పెట్టక తప్పలేదు. దాని ముందు కూర్చునే మనిషి కావాలి. నాయనకు ఆ తెర చూస్తే కళ్ళలో నీళ్ళు కారేవి. అమ్మకు వంటింటి నుంచి తీరిక లేదు. జేజి దాన్ని చూసి ఒక దండం పెట్టి దూరంగా జరిగింది. మిగిలింది నేను. అట్లా నా బతుకులో మొదటిసారి ముందు అంగట్లో నాకొక కుర్చీ పడింది. ఉగాది దాకా కంప్యూటర్ ఎంత నచ్చితే ఉంచుకునే సరుకో నేనూ అంతే సరుకు. అది పోతే నేనూ వెనక గదికి పోవాలి. అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మాట ప్రకారం మామ గాజుల పేర్లన్నీ టైపు చేసి, తెలుగు అక్షరాల అచ్చు (ఫాంటు) కూడా అందులోనే వేసి, ఒక ఫ్లాపీలో పెట్టి, మా ఊరికి వచ్చే ఒక తెలిసినాయన జేబులో పంపాడు. అక్షరాల అచ్చు ఎట్లా ఎక్కించాలో, పేర్లు ఎట్లా తెరవాలో ఫోన్లో చెప్పాడు. చెప్పినట్టే చేశాను. తెర మీద పలక లాంటి తెల్లటి జాగా తెరుచుకుంది, అందులో మా పచ్చ గాజులు, ఎర్ర గాజులు, మట్టి గాజులు బయటికి వచ్చాయి. వచ్చినవి అచ్చం మా లారీ సరుకులాగే వచ్చాయి. చ ఒక పక్క, దాని కింద ఉండాల్సిన వత్తు ఎక్కడో. గుడులూ కొమ్ములూ తమ అక్షరాలను వదిలేసి పక్కన వేలాడుతున్నాయి. వాటిలో కొన్నింటి పక్కన చుక్కలతో గీసిన ఒక గుండ్రం. జేజి వచ్చి కళ్ళు చికిలించి చూసి, "బొమ్మ బాగానే ఏసినాడు మీ మామ. గాజూ ఉండాది, గాజు పెంకులూ ఉండాయి" అంది.

నాయన ఫ్లాపీని బయటికి తీయించాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. కదిపాడు. (ఫ్లాపీని ఎప్పుడైనా కదిపి చూసినవాళ్ళకు తెలుసు, దాని ఇనుప రేకు గలగలమంటుంది. అది దాని పుట్టుక. మాకు తెలియదు.) ఆయన ముఖం చూడగానే నాకు అర్థమైపోయింది.

"పెరిగింది" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గాజుల అంగట్లో 'పగిలింది' అనకూడదు, అశుభం. మా ఇంట్లో 'పెరిగింది' అనాలి. ఆ అలవాటు కొద్దీ నాయన కడపకు ఫోన్ చేసి, "నువ్వు పంపిన అక్షరాలన్నీ దారిలో పెరిగినాయప్పా" అన్నాడు. అవతల మామ ఒక క్షణం ఆలోచించి, "అట్లయితే సైజు తగ్గించమనండి బావా" అన్నాడు. తగ్గించాను. అప్పుడు పెంకులు ఇంకా చిన్న పెంకులయ్యాయి. "ఇప్పుడు పిండి పిండిగా పెరిగినాయి" అని నాయన మళ్ళీ ఫోన్ చేశాడు. ఇట్లా కొంతసేపు పెంచుకుని తగ్గించుకున్నాక అమ్మ వంటింట్లోంచి వచ్చి ఫోన్ లాక్కుని, "పగిలినాయిరా" అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయింది. జేజి ఆ సాయంత్రం ఆమెతో మాట్లాడలేదు.

"జేబులో పెట్టుకుని బస్సులో వస్తే పగలకుండా ఎట్ల ఉంటాది" అన్నాను నేను. ఇది నా నోట వచ్చిన మాటే, మా నాయన మీద తోయను. వృత్తి తెలిసిన మనిషిని కదా, నాకు అది పట్టపగలంత స్పష్టంగా కనిపించింది. ఆ తెలిసినాయన లావాటి మనిషి, జేబులో బీడీ కట్ట, దాని పక్కన ఫ్లాపీ, బస్సులో కిటికీ వైపు ఒరిగి నిద్ర. అక్షరాలు ఏం కావాలి? నేనే పోయి నా చేత్తో సర్దుకుని తెస్తానన్నాను. నాయన ఒప్పుకున్నాడు. వరిగడ్డి పరిచిన గాజుల పెట్టె ఒకటి తీసుకుని, అమ్మను తోడు పెట్టుకుని కడప బస్సెక్కాను.

కడపలో మామ ఆ ఫ్లాపీనే తన కంప్యూటర్లో పెట్టాడు. అదే పలక తెరుచుకుంది. అందులో పచ్చ గాజులు నిండుగా, నిగనిగలాడుతూ కనిపించాయి. ఏ వత్తు జాగాలో ఆ వత్తు ఉంది.

"చూడు పిల్లా, ఏమైంది దీనికి? బంగారట్లా ఉండాది. మీ కండ్లకు ఏమన్నా అయిందేమో" అన్నాడు మామ.

"ఈడ బాగుండాది. ఆడ బాగలేదు. అంటే నడిమధ్య ఏదో అవుతాండాది" అన్నాను.

"నడిమధ్య ప్రొద్దుటూరు ఉండాది. ప్రొద్దుటూరోళ్ళు వత్తులు కొట్టేస్తాండారంటావా?"

మామ నన్ను ఆటపట్టించాడే గానీ, ఇంకో కారణం ఏదీ ఆయనకూ తోచలేదు. అదే ఫ్లాపీ అక్కడ పగిలి ఇక్కడికి వచ్చి ఎట్లా అతుక్కుందని మీరు అడగవచ్చు. మేమెవరమూ అడగలేదు. ఆయన కొత్త ఫ్లాపీలో మళ్ళీ అన్నీ ఎక్కించాడు. నేను దాన్ని మెత్తటి పాత పంచె గుడ్డలో చుట్టి, గడ్డిలో పడుకోబెట్టి, మీద మళ్ళీ గడ్డి కప్పి, పెట్టెకు దారం నాలుగు వైపులా బిగించి, ఒళ్ళో పెట్టుకున్నాను. బస్సులో డ్రైవర్ వెనక సీటు, అక్కడైతే కుదుపు తక్కువ. గతుకు వచ్చినప్పుడల్లా పెట్టెతో పాటు సీటు మీంచి కొంచెం పైకి లేచి మళ్ళీ కూర్చునేదాన్ని. అమ్మ జమ్మలమడుగు దాకా చూసి, "నువ్వు ఇట్ల ఎగురుతాంటే నాకే కడుపులో తిప్పుతాండాది" అని వెనక సీట్లోకి వెళ్ళిపోయింది. ఇల్లు చేరి కట్లు విప్పి గడ్డిలోంచి తీసి కంప్యూటర్లో పెట్టాను. వత్తులన్నీ ఎక్కడివక్కడ రాలిపోయి ఉన్నాయి.

ఆ రోజు నేను అన్నం తినలేదు. కంప్యూటర్ పోతుందన్న భయం ఒక ఎత్తు. నేను సర్దిన పెట్టెలో సరుకు పగలడం ఇంకో ఎత్తు. పల్లెలకు పోయే గాజులమ్మలు వచ్చి, "అమ్మీ సర్దిన పెట్టెలో కూడా పెరిగినాయంటనే" అని ఒకరికొకరు చెప్పుకుంటుంటే, నాకు ఏ గోతిలోనైనా దూరి పైన గడ్డి కప్పుకోవాలనిపించింది. జేజి మాత్రం ఇది దిష్టి అని తేల్చి, కంప్యూటర్ మెడకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. (దానికి మెడ లేదు. జేజి ఒకటి కనిపెట్టింది.)

ఉగాది దగ్గర పడింది. నాయన ఆఖరి మాటగా, "మన సరుకు రైల్లో డోన్‌కు ఎప్పుడూ నిండుగానే వస్తాది. దెబ్బ తగిలేది లారీలోనే. అందుకని దీన్ని గూడా రైల్లో తెద్దాం" అన్నాడు. మా వాకిటి దాకా తెచ్చి దించే బస్సును వదిలేసి, కడప నుంచి గుత్తి మీదుగా డోన్‌కు రైలు, డోన్ నుంచి బనగానపల్లె మీదుగా మళ్ళీ బస్సు. తల చుట్టూ చెయ్యి తిప్పి చెవి పట్టుకున్నట్టన్నమాట. డోన్ నుంచి ఉన్న దారిలో గతుకులు లేవా అంటే ఉన్నాయి. దానికి కూడా నాయన దగ్గర ఒక జవాబుంది. "శానా మటుకు రైలే కదా, బలం నిలబడుతాది" అన్నాడు.

ఈసారి ఆయనే తోడు వచ్చాడు. మామ నవ్వి నవ్వి ఇంకో ఫ్లాపీ చేసి ఇచ్చాడు. కడప నుంచి కదిలేముందు నేను దేవుని కడపలో స్వామికి ఒక మొక్కు, దర్గాలో ఒక మొక్కు మొక్కుకున్నాను. రైల్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కడ్డీలాగా కూర్చున్నాను. ఎదుటి సీట్లో ఒక పెద్దమ్మ వక్క నములుతూ చాలాసేపు నన్నే చూసి, చివరికి ఆగలేక అడిగింది.

"ఏం పాపా, గుడ్లా?"

"కాదు పెద్దమ్మా."

"గాజులా?"

"కాదు."

"మరి ఏంది, అంత బద్రంగా పట్టుకోనుండావు?"

నాయన కిటికీలోంచి చూపు తిప్పకుండా, "అక్షరాలు" అన్నాడు. ఆమె నములుతున్నది ఆపింది. నాయన వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "కడపలో మంచి డాక్టర్లు ఉండారని విన్నాను. చూపించినారా?" అని అడిగింది. నాయనకు అది అర్థం కాలేదు. "మా బామ్మర్ది చూసినాడు. అతని దగ్గర బాగనే ఉండాయి, ఇంటికొస్తేనే చెదిరిపోతాండాయి" అన్నాడు. ఆమె అయ్యో పాపం అని నా తల నిమిరి, గుత్తిలో దిగిపోయేటప్పుడు రెండు అరటిపండ్లు నా పక్కన పెట్టి పోయింది. అవి చాలా తియ్యగా ఉన్నాయి.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. కట్లు విప్పే ముందే అంగడి ముందు జనం మూగారు. ఫ్లాపీ పెట్టాను. తెరిచాను. మళ్ళీ పెంకులే. నాయన కంప్యూటర్ తీగలు ఏది ఎక్కడ ఉందో వంగి చూడడం మొదలుపెట్టాడు. తీగలు చూస్తున్నాడంటే విప్పడానికే. "రేపు మీ మామను వచ్చి దీన్ని తీసుకోని పొమ్మందాం పాపా. నువ్వు లోపలికి పో, ఈడ దుమ్ము" అన్నాడు. నేను కుర్చీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. లేవలేదు.

అప్పుడు గుంపులోంచి ఎదురంగడి అత్తరు భాయ్ ముందుకు వచ్చాడు. ఆయన అత్తరు, సుర్మా, టోపీలు అమ్మేవాడు. ఆయన దగ్గర కూడా ఒక కంప్యూటర్ ఉండేది, పండగలకు ఉర్దూలో శుభాకాంక్షల కార్డులు చేసేవాడు. "ఒక్కసారి నా దాంట్లో పెట్టి చూద్దాం శెట్టీ. నష్టమేముంది?" అన్నాడు.

"ఇంత దూరం తెచ్చినాం, మళ్ళీ రోడ్డు దాటిస్తే ఉండే ముక్కలు గూడా పోతాయి భాయ్" అన్నాడు నాయన.

"ముక్కలే కదప్పా. ముక్కల్తో ఏం చేస్తావు, పచ్చడా?"

ఆ మాట న్యాయంగానే తోచింది. నేను ఫ్లాపీని మళ్ళీ గడ్డి పెట్టెలో పెట్టుకుని (ఎదురంగడికే, అయినా), ఆటోలు ఆపించి, వీధి దాటాను. వెనక ఊరంతా వచ్చింది. భాయ్ దాన్ని తన కంప్యూటర్లో పెట్టి తెరిచాడు. పచ్చ గాజులు. ఎర్ర గాజులు. మట్టి గాజులు. ఒక్క వత్తుకు గీత పడలేదు. కడపలో ఎట్లున్నాయో అట్లే ఉన్నాయి, అత్తరు వాసన ఒక్కటే ఎక్కువ.

నాయన ముఖం వాడిపోయింది. "మా సరుకు నీ అంగట్లో బాగుండి, మా అంగట్లోకి వస్తే పెరుగుతాదా?" అన్నాడు. ఆ గొంతులో భాయ్ మీద కోపం లేదు, మా అంగడి మీద అనుమానం ఉంది. ఫ్లాపీని మా వైపు తెచ్చాం, పగిలింది. భాయ్ వైపు తీసుకుపోయాం, అతుక్కుంది. మళ్ళీ తెచ్చాం, పగిలింది. కర్నూలు బస్సు డ్రైవర్ మాకోసం రెండుసార్లు బ్రేకు వేసి, మూడోసారి బస్సు దిగి వచ్చి తనూ గుంపులో నిలబడ్డాడు. జేజి నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "గడప. నేను అప్పుడే అన్నాను, ఆ గడప మంచిది కాదని" అంది. నన్ను సందులోంచి తిప్పి, దొడ్డి వాకిలి గుండా, వంటింట్లో అమ్మ పొయ్యి పక్కనుంచి లోపలికి తెప్పించారు. గడప తొక్కలేదు. అయినా పగిలింది. "దొడ్డి గడప గూడా మంచిది కాదు" అంది జేజి, ఏమాత్రం తొణక్కుండా.

భాయ్ మాత్రం గడ్డం నిమురుకుంటూ మా తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ విడిపోయిన అక్షరాల్ని ఎక్కడో చూసినట్టుంది ఆయనకు. "శెట్టీ, నాకు గూడా మొదట్లో ఇట్లే ఉండింది" అన్నాడు. "మా ఉర్దూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోని పోవాల కదా. అట్ల కాకుండా అన్నీ విడివిడిగా, తగాదా పడిన తోడికోడండ్లట్ల నిలబడేవి. కర్నూలు నుంచి మా అల్లుడొచ్చి ఏదో ఒక గడిలో టిక్కు పెట్టినాడు. అప్పట్నుంచి కలిసిపోయినాయి." తర్వాత నన్ను చూసి, "బేటీ, కంప్యూటర్లో ఆ భాషల జాగా తెరువు" అన్నాడు. ఇద్దరం వెతికాం. నాకు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడమే, భాయ్‌కు అంతకంటే కొంచెం మేలు. ఒకచోట ఖాళీగా ఒక గడి కనిపించింది. దాని పక్కన ఉన్నదాన్ని భాయ్ వేలు పెట్టి చదివి అందరికీ తెలుగులో చెప్పాడు. చిక్కుముడి లిపులకూ, కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ కావలసిన సామాను పెట్టాలా అని అది అడుగుతోందట. మా కంప్యూటర్ రాళ్ళ ఆఫీసులో ఇంగ్లీషు లెక్కలే రాసింది. దాన్ని ఆ మాట ఎవరూ అడగలేదు. మా తెలుగును కూడా ఆ కంప్యూటర్లను చేసినవాళ్ళు ఉర్దూతో కలిపి ఒకే గడిలో పడేశారు. భాయ్ ఉర్దూ కోసం పెట్టిన టిక్కు మా వత్తుల్ని కూడా ఊరికే మోస్తూ ఉండింది, ఆయనకే తెలియకుండా.

"మనది చిక్కుముడా?" అని జేజి నొచ్చుకుంది.

నాయన భయం వేరు. "అది పెడితే మన తెలుగు గూడా కుడి నుంచి వస్తాదేమో భాయ్. రేపు గిరాకీ బిల్లు అటుపక్క నుంచి చదువుకోవాలంటే నేను అంగడి మూసుకోవాల్సిందే."

"రాదు శెట్టీ. నా దాంట్లో నీ గాజులు కుడి నుంచి వచ్చినాయా?"

"నీది నీకు అలవాటైన మిషిను. మాది కొత్త."

నాయన తల గోక్కుంటూ ఇంకా ఏదో అనబోతున్నాడు. నా వేలు ఎలుక (మౌస్) మీద ఉంది. టిక్కు పడిపోయింది. అది వెంటనే, కంప్యూటర్‌తో పాటు వచ్చిన సీడీ లోపల పెట్టమంది.

"సీడీ ఏది?" అన్నాడు భాయ్. నడిమధ్యలో రంధ్రం ఉన్న వస్తువు మా ఇంట్లోకి వస్తే ఎక్కడికి పోతుందో మా అందరికీ తెలుసు. గాజులు పేర్చి నిలబెట్టే కర్ర ఉంటుంది. పచ్చ గాజులు అయిపోయి ఎర్ర గాజులు మొదలయ్యే చోట ఒక అట్టముక్క అడ్డం వేస్తాం. ఈసారి అట్టముక్కకు బదులు తళతళలాడే బిళ్ళ ఒకటి దొరికిందని మేమంతా ఎంతో సంతోషించాం. పెట్టింది అమ్మ, మెచ్చుకున్నది నాయన. గాజులన్నీ దించి బిళ్ళను బయటికి తీస్తే, దాని మీద గీతలు మా వీధి రోడ్డు కంటే ఘోరంగా ఉన్నాయి. కంప్యూటర్ దాన్ని లోపలికి తీసుకుని, మూలిగి, గొణిగి, బయటికి ఉమ్మేసింది. భాయ్ నవ్వు ఆపుకోలేక గల్లా బల్ల పట్టుకున్నాడు. చివరికి ఆయనే పోయి తన సీడీ తెచ్చాడు. (ఆయన దాన్ని చేతిలో ఊపుకుంటూ రోడ్డు దాటి వస్తుంటే మా ఇంటిల్లిపాదికీ గుండె ఆగినంత పనైంది.)

సామాను ఎక్కింది. కంప్యూటర్ ఆరిపోయి మళ్ళీ వెలిగింది. పలక తెరిచాను. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. చ కిందికి వత్తు వచ్చి కూర్చుంది. ర కిందికి ర వచ్చింది. గుడి ట నెత్తిన ఎక్కింది. చుక్కల గుండ్రాలు ఎక్కడికి పోయాయో పోయాయి. పచ్చ గాజులు, ఎడమ నుంచి కుడికి, మా అంగట్లో, మా తెర మీద. బస్సు డ్రైవర్ ఒక్కడే చప్పట్లు కొట్టి, తన బస్సు గుర్తొచ్చి పరిగెత్తాడు. నేను మొక్కుకున్న ఇద్దరిలో ఈ పని ఎవరు చేశారో తేలలేదు. ఒకరికి చెల్లిస్తే ఇంకొకరు నొచ్చుకుంటారని ఇద్దరికీ చెల్లించలేదు.

"చూస్తివా" అన్నాడు నాయన గర్వంగా. "రైల్లో తెచ్చినాం కాబట్టి గానీ, బస్సులో తెచ్చింటే టిక్కు పెట్టినా అతుక్కునేది కాదు." ఆయన పోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. మేమెవరమూ కాదనలేదు.

మరుసటి రోజు పొద్దున అచ్చు వేసి, కత్తిరించి, మైదా ఉడికించి అన్ని పెట్టెల మీదా అంటించాం. పచ్చ గాజుల మీద పచ్చ గాజులు, ఎర్ర గాజుల మీద ఎర్ర గాజులు. జేజి వరుసగా అన్నీ చూస్తూ వచ్చి, ఒక పెట్టె మూత తీసి లోపలికి చూసి, మళ్ళీ మూసి, మూత మీదికి చూసింది. "పచ్చ గాజులు ఉండే పెట్టె మీద పచ్చ గాజులని రాసినారు. ఎందుకప్పా? మూత తీస్తే పచ్చగా కనపడవా?" అని అడిగింది. నాయన ఆమెను చూశాడు. పెట్టెను చూశాడు. ఇన్నాళ్ళూ ఆ సంగతి మాలో ఒక్కరికీ తోచలేదు. పల్లెలకు పోయే గాజులమ్మలు కూడా ఏ రోజూ ఆ కాగితం వంక చూడలేదు, మూత తీసే ఏరుకునేవాళ్ళు.

ఉగాది వచ్చింది. కంప్యూటర్ వెనక్కి పోతుందేమోనని నేను పొద్దున్నుంచీ గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను. అంగట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. నాయన గల్లాలోంచి చూపు తిప్పకుండానే, "నీళ్ళు తాగే దానికి తప్ప లేవద్దు పాపా. కుర్చీ ఖాళీగా ఉంటే అంగడి ముఖం బాగుండదు" అన్నాడు. అంతే. ఆ తర్వాత కంప్యూటర్ పోతుందా ఉంటుందా అన్న మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇన్నేళ్ళుగా కోరుకున్న ముందు అంగడి ఎట్లా ఉంటుందో నాకు వారం తిరక్కుండానే తెలిసిపోయింది. ఎండ నేరుగా ముఖం మీద కొట్టేది. బస్సు పోయినప్పుడల్లా నోటినిండా దుమ్ము. వచ్చిన ప్రతివాళ్ళూ గాజుల రేటుతో పాటు నా వయసు, నా కులం, నాకు సంబంధాలు చూస్తున్నారా లేదా అన్నీ అడిగేవాళ్ళు. నడుం నొప్పి పట్టుకుంది, అది ఇప్పటికీ పోలేదు. వెనక గది నిజంగానే చల్లగా ఉండేది, నాయన అబద్ధం చెప్పలేదు. కంప్యూటర్ ఏనాడో పాత సామాన్లోకి పోయింది, దాని తర్వాత రెండు వచ్చి పోయాయి. ఇప్పటికీ మధ్యాహ్నం పూట గిరాకీ లేనప్పుడు, వరసకు నాకు మేనకోడలయ్యే పిల్ల, "లోపలికి పోయి కాసేపు నడుం వాల్చు అత్తా, నేను చూసుకుంటా" అంటుంది. వీధిలోకి చూస్తూ, "ఇంకొంచెం సేపు ఉండనీ" అంటాను. ఆనాటి నేను, ఆ పదహారేళ్ళ పిల్ల, కుర్చీని ఎంత గట్టిగా పట్టుకుందో ఏమో గానీ, నేను లేవాలంటే ముందు దాని వేళ్ళు వదిలించాలి. దాన్ని చూస్తే నవ్వొస్తుంది, పాపం అనిపిస్తుంది. ఉండనీలే అనుకుంటాను.